పూజ సామగ్రి సైటుకి అమెరికాలో ఏయే రాష్ట్రాల ప్రైవసీ చట్టాలు వర్తిస్తాయి?

డాలస్_కొట్టు:

నమస్కారం అండీ. టెక్సస్‌లో రిజిస్టరైన ఎల్ఎల్‌సీ మాది. ఆన్‌లైన్లో పూజ సామగ్రి, పచ్చళ్లు, కొన్ని ఆయుర్వేద పొడులు, తైలాలు అమ్ముతాం. సత్యనారాయణ వ్రతం, గృహప్రవేశం, అక్షరాభ్యాసం లాంటివాటికి పంతులుగారిని బుక్ చేసుకునే వీలు కూడా ఉంది. ఏడాది అమ్మకాలు సుమారు 40 లక్షల డాలర్లు, ఉద్యోగులు 14 మంది. వెబ్‌సైటు పని, కస్టమర్ సపోర్టు హైదరాబాద్‌లో ఒక కంపెనీకి కాంట్రాక్టుకిచ్చాం.

గత 12 నెలల్లో అనలిటిక్స్ చూపిస్తున్న యూజర్లు ఇలా ఉన్నారు: టెక్సస్ 1,60,000, కాలిఫోర్నియా 1,30,000, న్యూజెర్సీ 48,000, వర్జీనియా 40,000, వాషింగ్టన్ 30,000, మేరీలాండ్ 21,000, కనెక్టికట్ 9,000. నిజంగా ఆర్డరు పెట్టినవాళ్లు అన్ని రాష్ట్రాలూ కలిపి 62,000. మెటా పిక్సెల్ (ఫేస్‌బుక్ ప్రకటనల కోసం సైటులో పెట్టే ట్రాకింగ్ కోడ్), గూగుల్ అనలిటిక్స్, ఒక ఈమెయిల్ టూలు వాడుతున్నాం.

కాలిఫోర్నియా చట్టం రెండున్నర కోట్ల డాలర్ల ఆదాయం దాటితేనే అంటున్నారు, మాకు వర్తించదు కదా? మిగతా రాష్ట్రాలకి విడివిడిగా పాలసీలు రాయాలా, లేక కాలిఫోర్నియాకి సరిపోయేది ఒకటి రాసి అందరికీ పెట్టేస్తే చాలా? హైదరాబాద్ టీము ఉంది కాబట్టి ఇండియా చట్టం కూడా చూసుకోవాలా?

షరతులు_వర్తిస్తాయి:

మొదటి ప్రశ్న దగ్గరే ఆగాలి. కాలిఫోర్నియా చట్టానికి (సీసీపీఏ) మూడు కొలతలున్నాయి, ఏ ఒక్కటి తగిలినా మీరు దాని కిందికి వస్తారు. ఒకటి ఏడాది స్థూల ఆదాయం. ఇది మొదట రెండున్నర కోట్లు, ధరల పెరుగుదల కలిపి 2025 జనవరి నుంచి 2,66,25,000 డాలర్లు. రెండోది, లక్ష మంది కాలిఫోర్నియా నివాసుల లేదా కుటుంబాల డేటాని ఏడాదిలో కొనడం, అమ్మడం లేదా షేర్ చెయ్యడం. మూడోది, ఆదాయంలో సగమో అంతకన్నా ఎక్కువో అలా అమ్మడం, షేర్ చెయ్యడం వల్లే రావడం.

మిమ్మల్ని పట్టుకునేది రెండోది. ఒక సైటులో మనిషి చేసిన పనులను బట్టి ఇంకో చోట ప్రకటనలు చూపించడానికి డేటాను బయటివాళ్లకి అందిస్తే ఈ చట్టం దాన్ని షేర్ చెయ్యడం అంటుంది. పైసా చేతులు మారక్కర్లేదు. మెటా పిక్సెల్ చేసే పనే అది. పైగా లెక్కలోకి కొన్నవాళ్లే కాదు, కుంకుమ భరిణె ధర చూసి వెళ్లిపోయినవాళ్లూ వస్తారు. లక్షని 365తో భాగిస్తే రోజుకి 274 మంది. చిన్న కొట్టుకి కూడా అదేం పెద్ద సంఖ్య కాదు.

ఇక్కడే ఒక వెసులుబాటు ఉంది. కాలిఫోర్నియా లెక్క కొనడం, అమ్మడం, షేర్ చెయ్యడం మీద కాబట్టి, ఆ రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లకి పిక్సెల్ లోడవకుండా చేసి, అనలిటిక్స్‌ని సర్వీస్ ప్రొవైడర్ ఒప్పందం కింద, ప్రకటనల ఫీచర్లు ఆపేసి వాడితే ఆ 1,30,000 ఈ లెక్కలోంచి దాదాపు సున్నాకి పడిపోతుంది. రీటార్గెటింగ్ (సైటు చూసి వెళ్లినవాళ్లకి వేరే చోట మళ్లీ ప్రకటన చూపడం) పోతుంది, చట్టమూ పోతుంది. ఆ ప్రకటనల వల్ల కాలిఫోర్నియా నుంచి నెలకి ఎంత అమ్మకం వస్తోందో చూసుకుని తేల్చుకోండి.

వర్జీనియా దారిలో వెళ్లిన రాష్ట్రాల్లో ఈ కిటుకు పనిచెయ్యదు. అక్కడ డేటా 'మీ దగ్గర ఉండటం, ప్రాసెస్ చెయ్యడం' చాలు, షేర్ చెయ్యకపోయినా లెక్కే. వర్జీనియా గీత, అంటే చట్టం వర్తించడానికి కావలసిన కనీస సంఖ్య, లక్ష మంది. లేదా 25,000 మంది డేటా ఉండి, ఆదాయంలో సగం పైన డేటా అమ్మకం వల్ల రావాలి. అక్కడ అమ్మకం అంటే డబ్బు తీసుకోవడమే. మీ 40,000కి వర్జీనియా వర్తించదు. మేరీలాండ్ గీత 35,000, లేదా 10,000 మందితో పాటు ఆదాయంలో 20 శాతం పైన డేటా అమ్మకం నుంచి రావడం. 21,000తో దానికీ బయటే ఉన్నారు. కానీ 35,000 అంటే రోజుకి 96 మందే. దసరా, దీపావళి సీజన్లో ఒక ప్రకటన బాగా నడిస్తే దాటిపోతారు. డెలావేర్, న్యూ హాంప్‌షైర్, రోడ్ ఐలండ్ గీతలూ 35,000 దగ్గరే. మొంటానా మొదట 50,000 పెట్టి, 2025 అక్టోబర్ నుంచి 25,000కి దించింది.

న్యూజెర్సీ దగ్గర జాగ్రత్త. లక్ష అన్నది మొదటి గీత. రెండోది 25,000 మంది డేటా ఉండి, దాని అమ్మకం వల్ల ఆదాయమో, కొనే సేవల మీద తగ్గింపో దొరకడం. శాతం ఏమీ లేదు. కొలరాడోదీ ఇదే మాట. అమ్మకం అంటే డబ్బే కానక్కర్లేదు, విలువైన ప్రతిఫలం ఏదైనా సరే అని ఈ రెండు చట్టాలూ అంటాయి. మీకు 48,000 మంది ఉన్నారు. మీ కస్టమర్ లిస్టు ఇచ్చినందుకు ఏ భాగస్వామి కంపెనీ అయినా రేటు తగ్గించి ఉంటే, మీరు లోపలే. అలాంటి ఒప్పందం ఉందేమో మార్కెటింగ్ వాళ్లని అడగండి.

టెక్సస్‌లో తలల లెక్కే లేదు. అక్కడ వ్యాపారం చేస్తూ డేటా ప్రాసెస్ చేస్తే చాలు, ఫెడరల్ ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాల సంస్థ) నిర్వచనం ప్రకారం చిన్న వ్యాపారమైతే మాత్రం మినహాయింపు. ఎస్‌బీఏ సైటులో మీ ఎన్ఏఐసీఎస్ కోడ్ (వ్యాపార రకాన్ని తెలిపే నంబరు) ఎదురుగా పరిమితి ఉంటుంది, కొన్ని కోడ్‌లకి ఉద్యోగుల సంఖ్యలో, కొన్నిటికి ఐదేళ్ల సగటు రాబడిలో. మీ సైజుకి చిన్న వ్యాపారమే అవుతారు. అయితే అదే యజమానుల చేతిలో వేరే కంపెనీలుంటే వాటి లెక్కా కలుపుతారు, అది మర్చిపోతుంటారు. నెబ్రాస్కా సరిగ్గా ఇదే పద్ధతి. మిన్నెసోటా లక్ష గీత పెట్టి, దాని పైన చిన్న వ్యాపారాలకి మినహాయింపు కూడా ఇచ్చింది.

అనలిటిక్స్ అంకెలు ఉన్నవాటికన్నా ఎక్కువ చూపిస్తాయి. ఒకే మనిషి ఫోన్లో ఒకసారి, ల్యాప్‌టాప్‌లో ఒకసారి వస్తే ఇద్దరు. సఫారీలో జావాస్క్రిప్టుతో పెట్టిన కుకీ ఏడు రోజులకి పోతుంది కాబట్టి నెలకోసారి వచ్చే ఐఫోన్ కస్టమరు ఏడాదిలో పన్నెండుమంది అవుతాడు. గీతకి దగ్గర్లో ఉన్నప్పుడు ఈ తేడా రాసి పెట్టుకోండి, రేపు అటార్నీ జనరల్ ఆఫీసు అడిగితే చూపించడానికి. గీతకి రెట్టింపు ఉన్నప్పుడు మాత్రం ఈ వాదనతో కాలం వెళ్లబుచ్చొద్దు.

ఎడిసన్_శాస్త్రి:

ఇదంతా తవ్వడం దేనికండీ? కాలిఫోర్నియాదే అన్నిటికన్నా కఠినం. దానికి తగ్గట్టు పాలసీ పెట్టేసి, అందరికీ అవే హక్కులిస్తే ఇలాంటి చట్టాలున్న మిగతా 18 రాష్ట్రాలూ తృప్తిపడతాయి.

గోత్రం_కాలమ్:

శాస్త్రిగారూ, సగం నిజం. హక్కుల విషయంలో చాలావరకు మీ మాట నడుస్తుంది. సెన్సిటివ్ డేటా దగ్గర మాత్రం కాలిఫోర్నియానే మెత్తన. అక్కడ మతం, జాతి మూలం, ఆరోగ్యం లాంటివి ముందు వాడుకోవచ్చు, కస్టమరు 'పరిమితం చెయ్యండి' అంటే తగ్గించుకోవాలి. వర్జీనియా, కొలరాడో, కనెక్టికట్, టెక్సస్, న్యూజెర్సీ వరసలో ఉన్నవాటిలో ముందే సమ్మతి తీసుకోవాలి. యూటా, ఐయోవాల్లో ముందు చెప్పి, వద్దనే అవకాశమిస్తే చాలు. మేరీలాండ్ ఇంకో మెట్టు ఎక్కింది: కస్టమరు అడిగిన సరుకు, సేవ అందించడానికి తప్పనిసరైతేనే తీసుకోవాలి, సమ్మతి ఉన్నా అమ్మడానికి వీల్లేదు.

ఈ సైటుకి ఇదే అసలు సమస్య. పంతులుగారి బుకింగ్ ఫారంలో ఏముంటుంది? గోత్రం, నక్షత్రం, ఇంట్లో అందరి పేర్లు, పుట్టిన తేదీ. దాదాపు ఈ చట్టాలన్నీ 'మత విశ్వాసాలను, జాతి మూలాన్ని వెల్లడించే డేటా' అంటాయి. ఒరెగన్, మేరీలాండ్ జాతీయ మూలాన్ని కూడా చేర్చాయి. పచ్చడి సీసా కొన్నంత మాత్రాన ఎవరి మతమూ తేలదు. ఉపనయనం బుక్ చేస్తే తేలుతుంది. ఈమెయిల్ టూల్లో 'హిందూ కుటుంబాలు', 'తెలుగు బ్రాహ్మణ' అని సెగ్మెంటు పెట్టారంటే, ఆ సమాచారం కస్టమరు ఇవ్వకపోయినా మీరే తయారుచేసినట్టు. కొలరాడో నిబంధనలు ఇలా ఊహించి తేల్చిన సెన్సిటివ్ డేటాని విడిగా పేరుపెట్టి మరీ చెప్పాయి.

డాలస్_కొట్టు గారూ, చిన్న వ్యాపారం మినహాయింపు ఉంది కదా అని టెక్సస్‌ని వదిలెయ్యకండి. ఆ మినహాయింపులో ఒక కంత ఉంది: చిన్న వ్యాపారమైనా సరే సమ్మతి లేకుండా సెన్సిటివ్ డేటా అమ్మకూడదు. నెబ్రాస్కా, మిన్నెసోటాల్లోనూ ఇదే వాక్యం. ఈ మూడు చోట్లా అమ్మకంలో డబ్బు కాని ప్రతిఫలం కూడా చేరుతుంది. వ్రతం బుకింగ్ పేజీ అడ్రసు, 'బుకింగ్ పూర్తి' అన్న ఈవెంటు, హ్యాష్ చేసిన (కోడ్‌గా మార్చిన) ఈమెయిలు కలిపి పిక్సెల్ ద్వారా ప్రకటనల కంపెనీకి వెళ్తున్నాయంటే, దాన్ని సెన్సిటివ్ డేటా అమ్మకం అని వాదించడానికి కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి. కాలిఫోర్నియా అటార్నీ జనరల్ 2022లో సెఫోరా అనే సౌందర్య సాధనాల కంపెనీతో 12 లక్షల డాలర్లకి రాజీ చేసుకున్నప్పుడు పెట్టిన వాదన ఇలాంటిదే: ట్రాకర్లు పెట్టనిచ్చి, బదులుగా అనలిటిక్స్, ప్రకటనల లాభం పొందడం అమ్మకమే అని.

కనెక్టికట్‌లో మీకు 9,000 మందే, ఇప్పటిదాకా ఉన్న లక్ష గీతకి చాలా దూరం. 2025లో చేసిన సవరణ 2026 జులై 1 నుంచి ఆ గీతని 35,000కి దించుతుంది. అంతకన్నా ముఖ్యంగా, సెన్సిటివ్ డేటా ప్రాసెస్ చేస్తే తలల లెక్కతో పనే లేకుండా వర్తిస్తుంది. హార్ట్‌ఫర్డ్ నుంచి ఒక్కరు గోత్రం రాసినా చాలు.

చెయ్యాల్సిన పని. గోత్రం, నక్షత్రం గడుల పక్కన ఖాళీగా ఉన్న టిక్ బాక్సు ఒకటి పెట్టండి: 'ఈ పూజ జరిపించడానికి ఈ వివరాలు పంతులుగారికి అందించడానికి సమ్మతిస్తున్నాను.' ముందే టిక్ పెట్టి ఉంచితే అది సమ్మతి కాదు. 'నియమ నిబంధనలు ఒప్పుకుంటున్నాను' అన్న బాక్సులో కలిపేసినా చెల్లదు. పూజ కోసం ఇచ్చిన వివరాన్ని పండగ ఆఫర్ల మెయిల్‌కి వాడాలంటే రెండో బాక్సు వేరుగా ఉండాలి, అది టిక్ చెయ్యకపోయినా బుకింగ్ పూర్తవ్వాలి. ఎవరు, ఏ తేదీన, ఏ మాటల మీద టిక్ పెట్టారో లాగ్‌లో ఉంచండి. ఆ మాటలు మార్చినప్పుడల్లా వెర్షన్ నంబరు వెయ్యండి, లేకపోతే ఏడాది తర్వాత ఆ లాగ్ దేనికీ పనికిరాదు. సమ్మతి వెనక్కి తీసుకోవడం ఇచ్చినంత సులువుగా ఉండాలి. కనెక్టికట్, న్యూజెర్సీల్లో వెనక్కి తీసుకున్న 15 రోజుల లోపు ఆపాలి.

నిజానికి అడిగిన పూజ చేయించడానికి వాడటం అన్నది, కోరిన సేవ అందించడం అనే మినహాయింపు కింద చాలా రాష్ట్రాల్లో సమ్మతి లేకుండానే నిలబడుతుంది. కానీ బాక్సు పెట్టడానికి ఖర్చేముంది. అలాగే పూజ అయిపోయిన 30 రోజులకి ఆ గడులు ఖాళీ అయ్యేలా ఒక షెడ్యూల్ పెట్టండి. వచ్చే ఏడాది మళ్లీ బుక్ చేస్తే మళ్లీ రాస్తారు, గోత్రం మర్చిపోయేవాళ్లు ఎవరూ లేరు.

అక్షరాభ్యాసం ఫారంలో పిల్లల పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. చాలా చట్టాలు పిల్లల నుంచి సేకరించిన డేటా గురించి మాట్లాడతాయి, ఇక్కడ నింపేది తల్లిదండ్రులు. అందుకని ఊరట ఉంది కానీ, ఆ గడి విలువలు ఏ ట్యాగుకీ (పిక్సెల్ లాంటి ట్రాకింగ్ కోడ్‌కి) వెళ్లకూడదు. మెటాలో 'ఆటోమేటిక్ అడ్వాన్స్‌డ్ మ్యాచింగ్' ఆన్‌లో ఉంటే ఫారం గడుల్లోని పేరు, ఫోను, ఈమెయిలు లాంటివి పిక్సెల్ తనంతట తానే చదివి హ్యాష్ చేసి పంపుతుంది. ముందు అది ఆపండి.

ఇంకొకటి, ఆయుర్వేదం. వాషింగ్టన్‌లో సమగ్ర ప్రైవసీ చట్టం లేదు గానీ 'మై హెల్త్ మై డేటా' చట్టం ఉంది, 2024 మార్చి 31 నుంచి, చిన్న వ్యాపారాలకి అదే ఏడాది జూన్ 30 నుంచి. తలల గీత లేదు, ఆదాయం గీత లేదు. కస్టమరు స్వయంగా కోర్టుకి వెళ్లే హక్కు ఉంది, అది మిగతా రాష్ట్రాల్లో దాదాపు ఎక్కడా లేదు. కాలిఫోర్నియాలో కూడా డేటా లీకైనప్పుడు మాత్రమే. కొబ్బరి నూనె అమ్మితే ఇబ్బంది లేదు. 'షుగరు వ్యాధికి', 'మోకాళ్ల నొప్పులకి' అని కేటగిరీలు పెట్టి, ఎవరు ఏది చూశారో ట్రాక్ చేస్తే ఆ మనిషి ఆరోగ్య స్థితిని సూచించే డేటా అవుతుంది. దానికి హోమ్ పేజీలో విడిగా 'కన్స్యూమర్ హెల్త్ డేటా ప్రైవసీ పాలసీ' లింకు ఉండాలి, మామూలు పాలసీలో ఒక పేరా కలిపితే చాలదు. ఆ కేటగిరీ పేజీల్లో పిక్సెల్ అసలు పెట్టకపోవడమే క్షేమం, ఏ రాష్ట్రంవాళ్లకైనా.

డాలస్_కొట్టు:

చాలా థాంక్స్ అండీ. ఆటోమేటిక్ మ్యాచింగ్ ఆన్‌లోనే ఉంది, ఆపించేశాను. ఆప్ట్ అవుట్ సిగ్నల్ (నా డేటా అమ్మొద్దు, షేర్ చెయ్యొద్దు అని బ్రౌజరే చెప్పే సంకేతం) గురించి కూడా చదివాను. కుకీ బ్యానర్ టూలు కొంటే అదే చూసుకుంటుందా? కాలిఫోర్నియా వాళ్లకి మాత్రమే చూపిస్తే చాలా?

ట్యాగ్_ఫైర్:

కొంటే చూసుకోదు. సరిగ్గా కలిపితే చూసుకుంటుంది. టాడ్ స్నైడర్ అనే బట్టల కంపెనీకి 2025 మేలో కాలిఫోర్నియా ప్రైవసీ ఏజెన్సీ 3,45,178 డాలర్ల జరిమానా వేసింది. బ్యానర్ టూలు సరిగ్గా పనిచెయ్యక 40 రోజులపాటు ఆప్ట్ అవుట్లు నమోదు కాలేదు. టూలు వెండరుది అన్న వాదన నడవలేదు.

సిగ్నల్ అంటే గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్, పొట్టిగా జీపీసీ. బ్రేవ్, డక్‌డక్‌గో బ్రౌజర్లలో మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్ ఉంది, క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి. ప్రతి రిక్వెస్టుతో పాటు సెక్-జీపీసీ అనే హెడరు 1 విలువతో వస్తుంది, పేజీలో జావాస్క్రిప్టుతోనూ చదవచ్చు. 12 రాష్ట్రాలు దీన్ని తప్పనిసరిగా పాటించమంటాయి: కాలిఫోర్నియా, కొలరాడో, కనెక్టికట్, టెక్సస్, మొంటానా, నెబ్రాస్కా, న్యూ హాంప్‌షైర్, న్యూజెర్సీ, డెలావేర్, మిన్నెసోటా, మేరీలాండ్, 2026 జనవరి నుంచి ఒరెగన్. వర్జీనియా, యూటా, ఐయోవా, టెనెసీ, ఇండియానా, కెంటకీ, రోడ్ ఐలండ్ అడగవు.

రాష్ట్రం చూసి నిర్ణయించే కోడ్ రాయకండి. మొబైల్ నెట్‌వర్క్ ఐపీ చూసి చెప్పే రాష్ట్రం తరచూ తప్పు, వీపీఎన్ వాడేవాళ్ల సంగతి సరేసరి. పైగా చట్టం చూసేది ఆ రాష్ట్ర నివాసి అవునా కాదా అన్నది, ఆ క్షణంలో ఎక్కడున్నాడన్నది కాదు. శాన్ హోసే మనిషి డాలస్‌లో చుట్టాలింట్లో కూర్చుని ఆర్డర్ పెట్టినా కాలిఫోర్నియా కస్టమరే. సిగ్నల్ వస్తే ఎవరైనా సరే ఆపెయ్యండి. వర్జీనియా వాళ్ల రీటార్గెటింగ్ కొంచెం పోతుంది, బదులుగా 19 రాష్ట్రాల షరతులు కోడ్‌లో మోసే బాధ తప్పుతుంది. (కాలిఫోర్నియాకి పిక్సెల్ పూర్తిగా తీసేసి గీత కిందికి రావాలనుకుంటే అది వేరే లెక్క. దానికి రాష్ట్రం గుర్తించక తప్పదు, ఐపీతో పాటు డెలివరీ అడ్రసు కూడా చూడాలి.)

తేడా కొట్టేది ఎక్కువగా ఈ చోట్ల. ట్యాగ్ మేనేజర్లో (ట్రాకింగ్ కోడ్‌లన్నిటినీ ఒక చోట నడిపే టూలు) బ్యానర్ స్క్రిప్టు కన్నా ముందే పిక్సెల్ ఫైర్ అవుతుంది. 'అన్ని పేజీలు' ట్రిగ్గర్ తీసేసి, సమ్మతి స్థితి తెలిశాకే నడిచేలా మార్చాలి. థీమ్ ఫైల్లో ఎప్పుడో ఎవరో నేరుగా అతికించిన రెండో పిక్సెల్ ఉంటుంది, బ్యానర్‌కి దాని సంగతే తెలియదు. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది కన్వర్షన్స్ ఏపీఐ: బ్రౌజర్లో పిక్సెల్ ఆగుతుంది, సర్వర్ నుంచి మాత్రం అదే ఆర్డరు, అదే ఈమెయిలు హ్యాష్ వెళ్తూనే ఉంటుంది. బ్రౌజర్లో ఎంత వెతికినా ఇది కనిపించదు. ఆర్డరు రికార్డులో ఆప్ట్ అవుట్ ఫ్లాగ్ ఒకటి పెట్టి, సర్వర్ కోడ్ దాన్ని చూసి పంపడం మానాలి. మెటాకి 'లిమిటెడ్ డేటా యూజ్' అనే సెట్టింగు ఉంది, వాడితే పిక్సెల్లోనూ ఏపీఐలోనూ రెండు చోట్లా పెట్టాలి. సర్వర్లో హెడరు చూసి పేజీ మార్చేటట్టయితే సీడీఎన్ కాష్‌తో (ఒకసారి తయారైన పేజీని దాచి అందరికీ అందించే సర్వర్లు) చిక్కొస్తుంది. మొదటి మనిషికి తయారైన పేజీయే అందరికీ పోతుంది. అందుకే బ్రౌజర్లో స్క్రిప్టుతో చదవడం మేలు.

లాగిన్ అయి ఉన్నవాళ్ల సిగ్నల్ అకౌంటుకి కట్టాలి, ఫోన్లో వద్దన్నవాళ్లు ల్యాప్‌టాప్‌లోనూ వద్దన్నట్టే. కస్టమ్ ఆడియన్స్ (మీ లిస్టులో ఉన్నవాళ్లకే మెటాలో ప్రకటనలు చూపడం) కోసం ఈమెయిల్ లిస్టు అప్‌లోడ్ చేసే ముందు ఈ ఫ్లాగ్ ఉన్నవాళ్లని తీసెయ్యాలి, ఇది మార్కెటింగ్ వాళ్లు చేతితో చేసే పని కాబట్టి తప్పకుండా మర్చిపోతారు. 2026 జనవరి 1 నుంచి కాలిఫోర్నియా నిబంధనలు ఇంకోటి కోరుతున్నాయి: సిగ్నల్ అందింది, పాటించాం అని సైటులో కస్టమరుకి కనబడాలి. ఒక చిన్న లైను చాలు.

పరీక్ష ఇలా: బ్రేవ్‌లో కొత్త ప్రైవేట్ విండో తెరిచి, దాని షీల్డ్స్ ఆపెయ్యండి, లేకపోతే అదే ట్రాకర్లని అడ్డుకుని మీ సైటు బాగున్నట్టు చూపిస్తుంది. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబు పెట్టి, ఫేస్‌బుక్ అని ఫిల్టర్ చేసి, హోమ్ పేజీ నుంచి ఆర్డరు పూర్తయ్యేదాకా వెళ్లండి. ఒక్క రిక్వెస్టు కూడా పోకూడదు. అదే ఆర్డరు మెటా ఈవెంట్స్ మేనేజర్లో సర్వర్ ఈవెంటుగా వచ్చిందేమో కూడా చూడండి. థీమ్ మార్చినప్పుడల్లా, కొత్త యాప్ వేసినప్పుడల్లా మళ్లీ చెయ్యాలి.

షరతులు_వర్తిస్తాయి:

పాలసీ గురించి శాస్త్రిగారి మాటకి మిగిలిన భాగం. ఒక్కటే పాలసీ రాయండి, కానీ కాలిఫోర్నియాలో లేనివి కలపండి. ముఖ్యంగా అప్పీలు. వర్జీనియా, టెక్సస్, న్యూజెర్సీ తరహా రాష్ట్రాల్లో వినతిని తిరస్కరిస్తే అప్పీలు చేసుకునే దారి చూపించాలి, వర్జీనియా, టెక్సస్‌లలో 60 రోజుల్లో, కొలరాడోలో 45 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. అప్పీలూ కాదంటే అటార్నీ జనరల్‌కి ఎలా ఫిర్యాదు చెయ్యాలో చెప్పాలి. కాలిఫోర్నియా, యూటాల్లో ఈ అప్పీలు లేదు. ఒరెగన్, మిన్నెసోటాల్లో డేటా ఎవరికిచ్చారో కంపెనీల పేర్లతో జాబితా అడగొచ్చు, 'ప్రకటనల భాగస్వాములు' అంటే కుదరదు. ఆ జాబితా ఇప్పుడే ఒక షీట్‌లో పెట్టుకోండి.

గడువులకి అన్నిటికన్నా బిగువైనది పట్టుకుంటే సరి. అందిందని 10 పని దినాల్లో చెప్పడం కాలిఫోర్నియా నియమం, అసలు జవాబు 45 రోజుల్లో, కారణం చెప్పి ఇంకో 45. ఐయోవా 90 రోజులిస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు. ఆప్ట్ అవుట్‌కి 15 పని దినాలు. ఆప్ట్ అవుట్‌కి గుర్తింపు అడగొద్దు. హోండాకి 2025 మార్చిలో పడిన 6,32,500 డాలర్ల జరిమానాలో ఒక కారణం ఇదే, ఆప్ట్ అవుట్ కోసం అవసరానికి మించిన వివరాలు అడగడం. డేటా చూపించమన్నా తుడిచెయ్యమన్నా మాత్రం గుర్తింపు సరిచూడాలి. ఆర్డరుకి వాడిన ఈమెయిలుకి లింకు పంపి, ఒక ఆర్డరు నంబరు అడిగితే చాలు. డ్రైవింగ్ లైసెన్సు కాపీ అడిగితే దాచుకోవాల్సిన కొత్త తలనొప్పి మీరే తెచ్చుకున్నట్టు.

తుడిచెయ్యడంలోనూ తేడా ఉంది. యూటా, ఐయోవాల్లో కస్టమరు స్వయంగా ఇచ్చినదే తుడవాలి. వర్జీనియా వరసలో మీరు వేరే చోట సంపాదించినది కూడా. పన్నుల కోసం కావలసిన ఇన్వాయిస్ ఉంచుకోవచ్చు. బ్యాకప్‌లో ఉన్నదాన్ని కాలిఫోర్నియా వెంటనే తవ్వి తియ్యమనదు, బ్యాకప్ మళ్లీ లైవ్‌లోకి తెచ్చినప్పుడు తుడవాలి. అందుకే తుడిచినవాళ్ల ఈమెయిల్ హ్యాష్‌ల జాబితా ఒకటి ఉండాలి.

నోటీసు వచ్చాక, చర్యకి ముందు తప్పు సరిదిద్దుకునే గడువు టెక్సస్, వర్జీనియాల్లో 30 రోజులు శాశ్వతంగా ఉంది. టెక్సస్‌లో ఊరికే సరిచేశాం అంటే చాలదు, రాతపూర్వక ప్రకటన, ఎలా సరిచేశారో రుజువులు ఇవ్వాలి. కొలరాడో, కనెక్టికట్‌లలో ఆ హక్కు గడువు ముగిసింది, రోడ్ ఐలండ్ అసలు ఇవ్వనే లేదు.

ఇక హైదరాబాద్. ఇండియాలో రాష్ట్రానికో చట్టం లేదు, ఒక్కటే డీపీడీపీ (డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ) చట్టం, 2023. దాని 17వ సెక్షన్‌లో మీకు పనికొచ్చే మినహాయింపు ఉంది: ఇండియా బయట ఉన్నవాళ్ల డేటాని, బయటి కంపెనీతో కాంట్రాక్టు మీద ఇండియాలో ప్రాసెస్ చేస్తే చాలా బాధ్యతలు వర్తించవు, భద్రతా జాగ్రత్తలు మాత్రం తప్పవు. మీ టీముకి అమెరికా వైపు నుంచి వచ్చే పని ఎక్కువ. కాలిఫోర్నియా అయినా వర్జీనియా అయినా ప్రాసెసర్‌తో (మీ తరఫున డేటా మీద పనిచేసే కంపెనీతో) రాతపూర్వక ఒప్పందం అడుగుతాయి: ఏ డేటా, దేనికి, ఎంతకాలం, పని అయ్యాక తుడవడమా తిరిగివ్వడమా, వాళ్లు ఇంకొకరికి ఇస్తే అవే షరతులు, తనిఖీకి ఒప్పుకోవడం. ఉన్న సర్వీసు ఒప్పందంలో గోప్యత అని ఒక పేరా ఉంటే అది ఇది కాదు. సపోర్టు స్క్రీన్‌లో ఆర్డరు స్థితి చూసేవాళ్లకి గోత్రం, పుట్టిన తేదీ కనబడక్కర్లేదు, ఆ గడులు బుకింగ్ చూసేవాళ్లకే తెరవండి. కస్టమరు వివరాలు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటుంటే ఈరోజే మాన్పించండి. తుడవమన్నప్పుడు ఆ కాపీలు ఎవరూ వెతకలేరు.

డాలస్_కొట్టు:

ఆఖరి ప్రశ్న. పాత బుకింగుల్లో గోత్రం ఉన్నవాళ్లు కొన్ని వేలమంది ఉన్నారు. వాళ్లందరికీ ఇప్పుడు సమ్మతి అడుగుతూ మెయిల్ పంపాలా?

గోత్రం_కాలమ్:

అక్కర్లేదు. పూజ అయిపోయిన బుకింగుల్లో ఆ గడులు ఖాళీ చేసెయ్యండి, ఎన్ని రికార్డులు, ఏ తేదీన తుడిచారో ఒక నోటు రాసుకోండి. ఈమెయిల్ టూల్లో అదే డేటాతో చేసిన సెగ్మెంట్లు, మెటాలో దాని మీద కట్టిన లుక్‌అలైక్ ఆడియన్సులు (మీ కస్టమర్లని పోలినవాళ్ల జాబితాలు) కూడా తీసెయ్యాలి, డేటాబేసులో తుడిస్తే అవి వాటంతట అవి పోవు. ఇంకా జరగాల్సిన బుకింగులున్నవాళ్లకి మాత్రం మీరు ఎలాగూ పంపే రిమైండర్ మెయిల్లోనే కొత్త సమ్మతి లింకు పెట్టండి.